గంగాభవాని వేలు సంగతి

ఏలూరులో ఒక దినపత్రికకి నేను ఆటల వార్తలు రాస్తుంటాను. గంగాభవాని పేరు నా వార్తల్లో చాలాసార్లు వచ్చింది. ఏ జట్టు గెలిచింది, కప్పు ఎవరు అందజేశారు, పక్కన ఎవరెవరు నిలబడ్డారు, అంతవరకే వార్త. ఆమెకి జరిగిన సంగతి అందులో పట్టేది కాదు. రాయమంటావా అని అడిగితే, "ఉన్నది ఉన్నట్టు రాస్తే నాకేం ఇబ్బంది లేదండి" అంది.

గణపవరం దాటి ఆకివీడు వైపు వెళ్తుంటే చేపల చెరువుల గట్ల మధ్య వాళ్ళ ఊరు వస్తుంది. తండ్రి జగ్గారావు గారిది మొదట్నుంచీ వరి వ్యవసాయం. చుట్టుపక్కల పొలాలన్నీ చెరువులైపోయి, ఊట నీరు తన మళ్ళలోకి ఎక్కి పైరు నిలవకపోయేసరికి, ఆయన కూడా సగం పొలం చెరువు చేసుకుని, మిగతా సగంలో మొండిగా వరే వేస్తున్నారు. తల్లి శేషారత్నం గారు. వాళ్ళకి భవాని ఒక్కతే కూతురు. సన్నగా, పొడుగ్గా ఉంటుంది. నలుగురిలో కూర్చుంటే నోరు విప్పదు.

ఆమెని ఆటలోకి తెచ్చింది సీతారామాంజనేయులు మాస్టారు. అప్పట్లో ఆయన గణపవరం పక్కన హైస్కూల్లో వ్యాయామోపాధ్యాయుడు. వయసులో ఉన్నప్పుడు ఆయన కూడా వాలీబాల్ ఆటగాడే. రాష్ట్ర జట్టుకి ఆడారు. ఒకసారి జాతీయ శిబిరం దాకా వెళ్ళి, చివరి ఎంపికలో పేరు లేక తిరిగొచ్చారు. ఆ మాట ఆయన ఎవరితోనూ అనేవారు కాదు గానీ, ఆ శిబిరంలో ఇచ్చిన, రంగు వెలిసిన ట్రాక్ సూట్ పైభాగం మాత్రం చలికాలంలో ఇప్పటికీ వేసుకుంటారు.

భవాని ఏడో తరగతిలో ఉండగా ఒక సాయంత్రం ఆడపిల్లలందరినీ వరసలో నిలబెట్టి ఆయన బంతులు విసిరారట. మిగతా పిల్లలు అరచేతులతో కొట్టారు, కొంతమంది తల తిప్పుకున్నారు. భవాని దగ్గరికి వచ్చేసరికి బంతి ఆమె వేళ్ళ కొసల మీద ఆగినట్టే ఆగి, మళ్ళీ పైకి లేచిందట. చప్పుడు రాలేదట. ఆ తర్వాత ఆయన ఆ సంగతి చాలామందికి చెప్పారు. నాకైతే చెప్పినప్పుడల్లా రెండు చేతులూ నుదుటి ముందు పెట్టి చూపించేవారు.

వాలీబాల్లో స్మాష్ కొట్టేవాళ్ళని అందరూ చూస్తారు. వాళ్ళకి బంతి లేపి అందించేవాళ్ళని మా వైపు లిఫ్టర్ అంటారు. బంతి ఎవరికి, ఎంత ఎత్తులో, ఎప్పుడు వెళ్ళాలన్నది రెప్పపాటులో తేల్చుకోవలసింది ఆ మనిషే. మాస్టారు భవానిని లిఫ్టర్‌గా తయారుచేశారు. స్కూలు వదిలాక చీకటి పడేదాకా గోడకి బంతి కొట్టించేవారు. ఇసకలో వేళ్ళు గుచ్చించేవారు. ఆయనకి ఏలూరు బదిలీ అయినప్పుడు జగ్గారావు గారి ఇంటికి వచ్చి, ఇంటర్ ఏలూరులో చదివిద్దాం, అమ్మాయి మా ఇంట్లోనే ఉంటుందని అడిగారు. జగ్గారావు గారు మారుమాట్లాడకుండా ఒప్పుకున్నారు.

మాస్టారికి పిల్లలు లేరు. ఆయన భార్య శ్యామల గారు భవానిని సొంత కూతుర్లా చూసుకున్నారు. జడ వేసేది ఆవిడే, జ్వరం వస్తే పక్కన కూర్చునేది ఆవిడే. భవాని ఆవిడని పిన్నిగారు అని పిలిచేది. చెరువులో చేపలు పట్టినప్పుడల్లా జగ్గారావు గారు ఊళ్ళో ఎవరికి పంపినా పంపకపోయినా, ఏలూరు ఇంటికి మాత్రం బస్సు డ్రైవరు చేత కూరలూ, అరటిగెలా పంపేవారు. మాస్టారి ఇంట్లో చేపలు తినరు కదా అని ఆయనకి ఎప్పుడూ ఒక బెంగ ఉండేది.

ఉద్యోగం చేసుకుంటూనే మాస్టారు ఏలూరు బైపాస్ దగ్గర ఒక ఖాళీ స్థలంలో అకాడమీ పెట్టారు. రెండు మట్టి కోర్టులు, ఒక రేకుల షెడ్డు. వానాకాలం వస్తే మోకాలి దాకా నీళ్ళు. పైన కప్పున్న ఇండోర్ హాలు కావాలని ఆయన తిరగని ఆఫీసు లేదు. మీ అకాడమీ నుంచి ఒక్కరైనా భారత జట్టుకి ఆడితే ఫైలు దానంతట అదే కదులుతుందని ఒక అధికారి అన్నాడట. ఆ మాట ఆయన పట్టుకున్నారు. అకాడమీలో ఏ పిల్ల బాగా ఆడినా ముందు ఆ మాటే అనేవారు.

ఆ ఒక్కరు భవానే అవుతుందని మేమంతా అనుకున్నాం. అయితే డిగ్రీ మొదటి ఏడులో ఉండగా చెన్నైలో ఒక ప్రభుత్వ సంస్థ తమ జట్టులోకి తీసుకుని ఉద్యోగం ఇచ్చింది. మాస్టారే రైలెక్కించారు. తాడేపల్లిగూడెం స్టేషన్లో రైలు కదిలేదాకా కిటికీ ఊచ పట్టుకుని నిలబడ్డారని భవాని చెప్పింది. అక్కణ్ణుంచి పేపర్లలో ఆమె పేరు పక్కన చెన్నై అని పడటం మొదలైంది. ఒకసారి మాస్టారు నాకు ఫోన్ చేసి, చాలా మర్యాదగానే, "ఏవండీ, మా అకాడమీ అమ్మాయి అని ఒక్క ముక్క వేస్తే మీ పేపరుకి నష్టమా?" అన్నారు. నేను వేశాను. పైన ఆఫీసులో ఆ ముక్క కోసేశారు. ఆయన మళ్ళీ ఆ ఊసు ఎత్తలేదు.

కొన్నేళ్ళకి ఆసియా స్థాయి పోటీలకి అర్హత సాధించడానికి ఖాట్మండులో మహిళల జట్లకి ఒక టోర్నమెంటు పెట్టారు. మన దేశం జట్టు కోసం జాతీయ శిబిరం మొదలైంది. అందులో లిఫ్టర్లు ముగ్గురు. కేరళ నుంచి వచ్చిన సీనియర్ అమ్మాయికి చోటు ఖాయం. రెండో చోటుకి భవాని ఒకతె, మైత్రేయి ఒకతె. మైత్రేయిది దెందులూరు. వాళ్ళ నాన్న ఆలయంలో అర్చకులు. భవాని చెన్నై వెళ్ళాక మాస్టారి అకాడమీలో పెరిగిన పిల్ల. భవానిని అక్కా అంటుంది. శిబిరంలో ఇద్దరిదీ ఒకే గది.

శిబిరానికి వెళ్ళేముందు చెన్నైలో సాధన చేస్తుంటే ఒక బంతి ఎదురుగా వచ్చి భవాని కుడిచేతి ఉంగరపు వేలి కొసకి తగిలింది. వాపు తగ్గింది గానీ వేలు బిగుసుకుపోయింది. పొద్దున లేవగానే వంగేది కాదు. వేడినీళ్ళలో పెట్టి కాసేపు నొక్కుకుంటే దారికి వచ్చేది. కోర్టులోకి దిగాక ఏ తేడా తెలిసేది కాదు. మైత్రేయికి కూడా తెలియకుండా ఆమె లేవకముందే బకెట్లో చెయ్యి పెట్టుకుని కూర్చునేది. ఈ సంగతి భవాని చెప్పుకున్నది ఒక్కరికే. మాస్టారికి ఫోన్ చేసింది.

"మాస్టారూ, పొద్దున్నపూట వేలు వంగట్లేదండి. తర్వాత బాగానే ఉంటోంది. కోచ్ గారికి చెప్పెయ్యమంటారా?"

"ఎవరికీ చెప్పకమ్మా. చెప్తే అసలు ఆడనివ్వకుండానే పక్కన పెడతారు. టేపు చుట్టుకుని ఆడుకో. ఏదైనా ఉంటే నాకు చెప్పు. నేనున్నాను కదా."

ఆ మాటతో ఆమెకి కొండంత ధైర్యం వచ్చింది. ఆ తర్వాత శిబిరంలో జరిగిన మ్యాచుల్లో భవాని ఆట చూసినవాళ్ళంతా రెండో లిఫ్టర్ ఈమేనని అనుకున్నారు. జట్టు ప్రకటించే ముందురోజు వ్యాయామశాలలో చీఫ్ కోచ్ ఆమెని పిలిచి చేతులు చూపించమన్నారు. టేపు ఎందుకని అడిగారు. అలవాటండి అంది. ఆయన ఇంకేమీ అడగలేదు. మర్నాడు చదివిన పేర్లలో ఆమె పేరు లేదు. మైత్రేయి పేరు ఉంది. ఎవరికైనా ఏమైనా అయితే పిలవడానికి భవానిని అదనపు క్రీడాకారిణిగా ఉంచామన్నారు. కారణం అడిగితే ఫిట్‌నెస్ అని ఒక్క ముక్క అన్నారట.

భవాని మెట్ల మీద కూర్చుని మాస్టారికి ఫోన్ చేసింది. జట్టులో పేరు లేదని చెప్పింది. ఇదంతా పైవాళ్ళ రాజకీయమమ్మా, మన చేతుల్లో లేదు, నువ్వు కుంగిపోకు అన్నారు. చాలాసేపు ఊరడించారు. చివర్లో ఒక కోరిక కోరారు. మైత్రేయి చిన్నపిల్ల, అంతర్జాతీయ మ్యాచ్ ఎప్పుడూ ఆడలేదు, జట్టు బయల్దేరేలోగా దానికి కాస్త చెప్పి పంపించు అన్నారు.

భవాని చెప్పింది. మనసులో ఏమీ పెట్టుకోకుండా చెప్పింది. మన జట్టులోనే మధ్యలో ఆడే పొడుగు అమ్మాయి ఒకతె అందరికంటే ముందుగా గాల్లోకి లేస్తుంది. ఆమెతో కుదరక మైత్రేయి శిబిరం పొడుగునా ఇబ్బంది పడింది. బంతిని చూడకు, ఆమె ఎడమ కాలు చూడు, అది నేలకి ఆనేసరికి బంతి నీ చేతుల్లోంచి వెళ్ళిపోవాలి అని చెప్పి, ఖాళీ కోర్టులో తనే ఆ పొడుగమ్మాయిలా పరిగెత్తి ఎగిరి చూపించింది. మైత్రేయికి పట్టు దొరికేదాకా వదల్లేదు. జట్టు బస్సెక్కేటప్పుడు మైత్రేయి వంగి కాళ్ళకి దణ్ణం పెట్టబోతే, నవ్వి లేవదీసింది.

ఖాట్మండు మ్యాచులు భవాని ఇంటి దగ్గరే చూసింది. చెరువు గట్టు మీద మోటారు షెడ్డు దగ్గర సిగ్నల్ బాగా వస్తుందని తండ్రీ కూతుళ్ళు ఫోన్ పట్టుకుని అక్కడే కూర్చునేవారు. అర్హత తేల్చే మ్యాచ్‌లో కేరళ అమ్మాయి కాలు బెణికి కూర్చుంటే మైత్రేయి దిగింది. భవాని నేర్పిన ఆ బంతి ఒకటి ఇచ్చింది, పాయింటు. మళ్ళీ ఇచ్చింది, మళ్ళీ పాయింటు. మన జట్టు గెలిచి అర్హత సాధించింది. గట్టు మీద భవాని లేచి చప్పట్లు కొట్టింది. ఏడుస్తున్నావా అని జగ్గారావు గారు అడిగితే సంతోషమే నాన్నా అందట. అది అబద్ధం కాదని నాతో చెప్పింది. "అప్పటికి సంతోషమేనండి. నా చేతి మీదుగా వెళ్ళిన బంతే కదా అనుకున్నాను."

ఏలూరులో ఒక కల్యాణ మండపంలో సన్మానం ఏర్పాటు చేశారు. ఆ సభకి నేను వెళ్ళాను, వెనక వరసలో కూర్చున్నాను. వేదిక మీద మైత్రేయి, ఆమె తల్లిదండ్రులు, ఇద్దరు ముగ్గురు పెద్దలు, మధ్యలో మాస్టారు. భవానిని కూడా వేదిక మీదికి పిలిచి చివరి కుర్చీలో కూర్చోబెట్టారు. శ్యామల గారూ, జగ్గారావు దంపతులూ కింద ముందు వరసలో ఉన్నారు.

అప్పటికి ఏలూరులో ఒక గుసగుస ఉంది. అంత బాగా ఆడిన భవానిని కాదని మాస్టారు తన అకాడమీ పిల్లని ఎలా పంపించుకున్నారో అని. అది ఆయన చెవిన పడే ఉంటుంది. మైత్రేయి గురించి మాట్లాడాక ఆయన మైకు దగ్గరే ఆగి భవాని వైపు తిరిగారు. కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నారు.

"ఈ విజయం వెనక ఒక త్యాగం ఉందండీ. ఇన్నాళ్ళూ నేను చెప్పలేదు. ఈ భవాని నాకు ఫోన్ చేసి, మాస్టారూ, పొద్దున్నపూట వేలు వంగట్లేదు, నా ఒక్కదాని కోసం దేశం నష్టపోకూడదు, నా బదులు మన మైత్రేయిని పంపించండి అంది. అటువంటి పిల్లండీ ఇది."

హాలంతా చప్పట్లు. ఎవరో లేచి నిలబడ్డారు, వాళ్ళని చూసి మిగతావాళ్ళూ లేచారు. ఒక పెద్దాయన శాలువా తెచ్చి భవాని భుజాల మీద కప్పాడు. నేను కూడా నిలబడే చూస్తున్నాను. భవాని మాస్టారి వైపే చూస్తోంది. ఎదురుగా ఉన్న మనిషిని గుర్తుపట్టడానికి ప్రయత్నిస్తున్నట్టు చూసింది.

తర్వాత ఆమె నాతో ఇలా అంది. "మొదటి సగం నేనన్న మాటలేనండి. అక్షరం పొల్లుపోలేదు. మిగతా సగం నావి కావు. మొదటి సగం వింటున్నప్పుడే అర్థమైపోయింది. ఆ మాట ఆయనకి తప్ప ఎవరికీ తెలియదు కదా."

రెండు మాటలు మాట్లాడమని వ్యాఖ్యాత మైకు ఇచ్చాడు. భవాని తీసుకుంది. ఆమె గొంతు ఎప్పుడూ చిన్నదే. అందరూ కూర్చుని సర్దుకునేదాకా ఆగింది.

"నేను తప్పుకోలేదండి. మైత్రేయిని పంపించమని నేను అనలేదు. నా వేలు సంగతి నేను ఒక్క మాస్టారికే చెప్పాను. ఎవరికీ చెప్పొద్దన్నారు. పైవాళ్ళకి ఎలా తెలిసిందో నాకు ఇంతవరకూ తెలియదు. ఇప్పుడు తెలిసింది."

శాలువా తీసి మడతపెట్టి కుర్చీలో పెట్టింది. మైత్రేయి భుజం మీద ఒకసారి చెయ్యి వేసి, పక్క మెట్ల మీదుగా దిగి వెళ్ళిపోయింది. మాస్టారు మైకు దగ్గర అలాగే నిలబడ్డారు. కాసేపటికి వ్యాఖ్యాత, ఇప్పుడు చిన్నారుల నృత్యం అని ప్రకటించాడు.

నేను మర్నాడు రాసిన వార్తలో సన్మానం ఘనంగా జరిగిందని మాత్రమే ఉంది.

ఆ తర్వాత జనం రెండు విధాలా అన్నారు. మాస్టారు అంత పని చేస్తారా అని కొందరు. చేస్తే మాత్రం, చదువూ ఆటా చెప్పి ఇంట్లో పెట్టుకుని అన్నం పెట్టినాయన్ని పదిమందిలో అలా నిలబెట్టేస్తుందా అని ఎక్కువమంది. భవాని తల్లిది కూడా ఆ రెండో మాటే. ఆ ఇంట్లో తిన్న అన్నం మర్చిపోకూడదే అని శేషారత్నం గారు వంటింట్లోంచి అంటూనే ఉండేవారట. జగ్గారావు గారు మాత్రం ఆ వారం అరటిగెల కోయించి, ఏలూరు బస్సుకి పంపకుండా పనివాళ్ళకి పంచేశారు.

కొన్నాళ్ళు ఆగి భవాని ఏలూరు వెళ్ళింది. పొద్దున్నే అకాడమీకి వెళ్తే పిల్లలు ఆడుకుంటున్నారు. మాస్టారు షెడ్డులో నెట్టు కుట్టుకుంటున్నారు. ఆమెని చూసి దారం వదిలేసి లేచారు. ఇంటికి వెళ్దాం పదమ్మా అన్నారు. అక్కర్లేదండి, ఇక్కడే అడుగుతానంది. కోచ్ గారికి ఫోన్ చేసి చెప్పింది మీరేనా అని అడిగింది.

ఆయన దాచలేదు. చీఫ్ కోచ్ పాత పరిచయస్థుడేనని, ఆయనే భవాని గురించి అడగడానికి ఫోన్ చేశాడని చెప్పారు. టేపు సంగతి అడిగితే, నోటికి వచ్చిన నిజం చెప్పేశానన్నారు. మళ్ళీ తనే, అదీ నిజం కాదమ్మా, ఆలోచించే చెప్పాను అన్నారు.

"నువ్వు వెళ్తే చెన్నై వాళ్ళ అమ్మాయి వెళ్ళినట్టు. మైత్రేయి వెళ్తే ఈ రేకుల షెడ్డు వెళ్ళినట్టు. నీకు వచ్చే ఏడు ఇంకో క్యాంపు ఉంటుంది. నాకు రిటైర్మెంటు వచ్చేసింది భవానీ. నాకు ఇంకోటి లేదు."

"మరి నన్నెందుకు అడగలేదు మాస్టారూ?"

"అడిగితే ఇచ్చేస్తావని తెలుసు. అందుకే అడగలేకపోయాను."

ఆ మాట గురించి భవాని చాలా రోజులు ఆలోచించిందట. నాతో చెప్పేటప్పుడు మాత్రం తడుముకోలేదు. "ఇచ్చేదాన్ని కాదండి. నాకూ ఆడాలనే ఉంది. అన్నేళ్ళు పక్కన ఉంచుకుని ఆయన నన్ను చూసింది అంతేనన్నమాట. ఏం చేసినా ఊరుకునే పిల్లననుకున్నారు."

అక్కణ్ణుంచి మాస్టారి ఇంటికి వెళ్ళింది, శ్యామల గారిని చూడటానికి. ఆవిడ తప్పు ఏమీ లేదు కదా అనుకుంది. ఆవిడ తలుపు తీసి, లోపలికి తీసుకెళ్ళి, భవాని ఎప్పుడూ కూర్చునే పీట వేశారు. పెసరట్టు పోయడానికి పెనం పెట్టారు. స్టవ్ వైపు తిరిగి ఉండగానే చెప్పారట.

"ఆయన ఫోన్లో చెప్తుంటే వరండాలో బట్టలు ఆరేస్తున్నానమ్మా. విన్నాను. నీకు ఫోన్ చేద్దామని నంబరు తీశాను. మళ్ళీ పెట్టేశాను."

"ఎందుకండీ పిన్నిగారూ?"

"ఆయనతో కాపురం చెయ్యాలి కదా."

అట్టు పళ్ళెంలో పెట్టి ముందుంచారు. భవాని తినలేదు. ఆ ఇంట్లో పెట్టింది తినకుండా లేవడం అదే మొదటిసారి. మాస్టారు చేసింది షెడ్డులో నిలబడి వినగలిగింది గానీ, ఈ మాట విన్నాక ఆర్.టి.సి. బస్టాండు దాకా ఎలా నడిచిందో గుర్తులేదట. గణపవరం బస్సులో కిటికీ పక్కన కూర్చుని దారి పొడుగునా ఏడ్చింది. జట్టులో పేరు లేదని తెలిసిన రోజు కూడా అంత ఏడవలేదంది.

మైత్రేయి ఒకరోజు స్కూటీ వేసుకుని వాళ్ళ ఊరు వచ్చింది. తనకేమీ తెలియదని ప్రమాణం చెయ్యబోతే భవాని ఆపింది. నాకు తెలుసులే అంది. ఇద్దరూ గట్టు మీద కాసేపు కూర్చున్నారు. నీ ఆట నువ్వు ఆడావు, గెలిపించావు, అది నీదే అని చెప్పి పంపించింది. మైత్రేయి ఆ నెల్లోనే అకాడమీకి వెళ్ళడం మానేసి విజయవాడలో వేరే చోట చేరింది. అది భవాని చెప్పి చేయించిందని ఏలూరులో కొందరు అనుకున్నారు.

ఇండోర్ హాలు మంజూరైంది. శంకుస్థాపనకి ఆహ్వానం భవాని ఇంటికి కూడా వచ్చింది. తల్లి వెళ్ళమంది. వెళ్ళలేదు. ఆమె చెన్నైలో డాక్టరు దగ్గర వేలు చూపించుకుంది. ఎముకలో చిన్న చీలిక ఉండి మానిపోయిందని, కీలు బిగుసుకుందని, వ్యాయామంతో పోతుందని చెప్పారు. పోయింది. అంతకుముందు, బయట నోరు విప్పకపోయినా కోర్టులో మాత్రం నెట్టుకి అటూ ఇటూ అందరితో కేకలు వేస్తూ ఆడే మనిషి, ఆ ఏడు మాత్రం ఆట అయ్యాక ఎవరితోనూ కలవకుండా సంచీ సర్దుకుని గదికి వెళ్ళిపోయేదని చెన్నై జట్టులో ఆమెతో ఆడే గీతాంజలి నాకు చెప్పింది. ఒంట్లో బాగోకపోయినా, ఇంటి దగ్గర ఏదైనా జరిగినా ఎవరికీ చెప్పదు. అడిగితే నవ్వి ఊరుకుంటుంది.

తర్వాతి ఏడు కొలంబోలో ఇంకో అర్హత టోర్నమెంటు వచ్చింది. భవానికి మళ్ళీ పిలుపు వచ్చింది. శిబిరంలో అదే చీఫ్ కోచ్. మొదటిరోజే ఆయన ముందు నిలబడి, కుడిచేయి చాచి, వేళ్ళు ఒక్కొక్కటే మడిచి చూపించింది. ఆయన కాస్త ఇబ్బందిపడి, నీ సొంత గురువే చెప్తే మేం ఎలా నమ్మకుండా ఉంటాం అన్నారట. నిజమేనండి అంది. నీ చేతులు ఇంత మెత్తగా ఎలా తయారయ్యాయి, ఎవరు నేర్పారని అక్కడ జూనియర్లు అడిగితే సీతారామాంజనేయులు మాస్టారనే చెప్పేదట. ఇంకేమీ కలిపేది కాదు.

ఈసారి జట్టులో పేరు వచ్చింది. కొలంబోలో ప్రతి మ్యాచ్ ఆడింది. అర్హత తేల్చే చివరి మ్యాచ్ ఐదో సెట్టు దాకా వెళ్ళి, చేతి దాకా వచ్చి పోయింది. మన జట్టు అర్హత సాధించలేదు. నేను ఫోన్లో పలకరిస్తే బాధగానే మాట్లాడింది గానీ గొంతులో ఏదో తేలిక ఉంది. "ఓడిపోయిన ఏడుపు వేరండి. అందరం ఒకళ్ళ మీద ఒకళ్ళం పడి ఏడ్చాం. అది అక్కడే అయిపోయింది."

తిరిగి వస్తుంటే తాడేపల్లిగూడెం స్టేషన్‌కి నేనూ వెళ్ళాను. ఊరివాళ్ళు కొంతమంది, కాలేజీ పిల్లలు, దండలు పట్టుకుని జగ్గారావు గారు. ఓడిపోయి వచ్చినవాళ్ళకి దండలేమిటని శేషారత్నం గారు సణుగుతూనే అందరికంటే ముందు నిలబడ్డారు. ప్లాట్‌ఫారం చివర, తాగునీటి కుళాయిల దగ్గర, మాస్టారు ఒక్కరే ఉన్నారు. చేతిలో ప్లాస్టిక్ కవరు. కవర్లో చామంతి దండ.

భవాని రైలు దిగింది. అందరి దండలూ వేయించుకుంది. అప్పుడు ఆయన్ని చూసింది. జనం పక్కకి జరిగారు. ఏం జరుగుతుందోనని నేను కూడా నాలుగడుగులు ముందుకి వెళ్ళాను.

"బాగున్నారా మాస్టారూ?" అంది.

"బాగున్నానమ్మా. అన్ని మ్యాచులూ చూశాను. మూడో సెట్టులో తల వెనక్కి తిప్పకుండా వెనక్కి ఇచ్చావు చూడు, ఆ బంతి..." అని మొదలుపెట్టారు. ఆయన మొహంలో నిజమైన సంతోషం కనిపించింది. చేతులు నుదుటి ముందుకి లేపబోయి, కవరు అడ్డం వచ్చి ఆగిపోయారు. ఆ బంతి గురించి, ఆ తర్వాత ఐదో సెట్టులో ఎడమ వైపు ఇచ్చి ఉండాల్సిన ఇంకో బంతి గురించి చెప్పారు. ఆయన చెప్పింది సరైనదేనని భవాని మొహం చూస్తే తెలిసింది. మధ్యలో ఆపకుండా చివరిదాకా వింది.

"వస్తానండి," అంది.

ఇదివరకైతే వంగి కాళ్ళకి దణ్ణం పెట్టేది. ఆయన కవర్లోంచి దండ తీసి పట్టుకుని ఉన్నారు. ఆమె తల వంచలేదు. సంచీ భుజానికి ఎత్తుకుని తండ్రి వైపు నడిచింది. జగ్గారావు గారు ఒకసారి మాస్టారి వైపు, ఒకసారి కూతురి వైపు చూసి, ఆమె భుజం మీది సంచీ అందుకున్నారు. చెరువుకి మేత తోలే చిన్న వ్యాన్ బయట నిలిపి ఉంది. ముగ్గురూ ముందు సీట్లోనే ఇరుక్కుని కూర్చున్నారు. వంట ఏం చేశావమ్మా అని భవాని అడగడం, దానికి శేషారత్నం గారు ఏదో చెప్పడం నాకు వినిపించింది. వ్యాన్ గణపవరం రోడ్డు వైపు తిరిగింది.

నేను వెనక్కి వచ్చేసరికి మాస్టారు ఆ దండని కుళాయి పక్కన సిమెంటు బల్ల మీద పెట్టి, కవరు మడిచి జేబులో పెట్టుకుని, ఏలూరు బండి ఏ ప్లాట్‌ఫారం మీదికి వస్తుందో పోర్టరుని అడుగుతున్నారు.